కారు పిన్ని రేస్ వైరు

ఆ పేటలో ఆమెను అందరూ కారు పిన్ని అనేవారు. ఆమెకన్నా వయసులో పెద్దవాళ్ళు కూడా అలాగే పిలిచేవారు కాబట్టి ఆ పిలుపుకు చుట్టరికంతో పనిలేదు. ముక్కు మీదికి జారిపోయే కళ్ళజోడు, చెమట తుడుచుకోవడానికి మెడ చుట్టూ ఒక నూలు తువ్వాలు, నవ్వీ నవ్వనట్టుండే ముఖం. డ్రైవింగ్ నేర్పడం ఆవిడ పని. తెల్లరంగు చిన్న కారు, దాని నెత్తిన ఎర్ర అక్షరాల బోర్డు. పొద్దున ఒక విడత, సాయంత్రం ఒక విడత. మధ్యలో వంట, బట్టలు, మందుల షాపు, కాసేపు కునుకు పట్టీ పట్టకముందే మళ్ళీ కారు.

ఆ కారులో పక్క సీటు ముందు కూడా ఒక క్లచ్చి, ఒక బ్రేకు ఉండేవి. నేర్చుకునేవాళ్ళు కంగారుపడితే పక్కనుంచి ఆవిడ తొక్కి ఆపాలి. రేసు ఇచ్చే పెడల్ మాత్రం ఒక్కటే, అది నేర్చుకునేవాళ్ళ కాలి కింద. అంటే ఆపడం ఆవిడ వంతు, కదలడం వాళ్ళ వంతు. రోజంతా రెండు పాదాలూ ఆ పెడళ్ళ మీద గాల్లో తేల్చి కూర్చోవడంతో ఇంటికొచ్చేసరికి పిక్కలు రాళ్ళలా గట్టిపడేవి. ఎదురుగా వచ్చే లారీకన్నా పక్కన కూర్చున్న మనిషి ఊపిరినే ఎక్కువ కనిపెట్టి ఉండాలి. ఊపిరి బిగపట్టారంటే ఏదో తప్పు తొక్కబోతున్నారని అర్థం. ఇన్నేళ్ళుగా పరాయివాళ్ళ ఊపిరి లెక్కపెట్టీ పెట్టీ తన ఊపిరి సంగతి మరిచిపోయానని ఆవిడ అప్పుడప్పుడూ అనేది. విన్నవాళ్ళు నవ్వేవారు. ఆవిడ నవ్వేది కాదు.

నిజానికి ఆ బడి ఆవిడ భర్తది. ఆయన్ని అందరూ మాస్టారనేవారు. పేటలో సగం మందికి స్టీరింగ్ పట్టుకోవడం నేర్పింది ఆయనే. అప్పట్లో ఆవిడ మందుల షాపులో కౌంటరు దగ్గర పనిచేసేది. తర్వాత మాస్టారికి చూపు ఇరుకవడం మొదలైంది. ఎదురుగా ఉన్నది కనబడేది, పక్కలు చీకటి. గొట్టంలోంచి చూస్తున్నట్టు ఉంటుందని డాక్టరుకు చెప్పుకున్నారు. ఒకరోజు పక్క సందులోంచి వచ్చిన సైకిలతన్ని చివరి క్షణం దాకా చూడలేదు. ఎవరికీ ఏమీ కాలేదు. ఆ సైకిలతను నాలుగు తిట్లు తిట్టి వెళ్ళిపోయాడు. మాస్టారు మాత్రం ఇంటికొచ్చి తాళాలు బల్లమీద పెట్టి, పెరటి వసారాలో రేడియో పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. అంతే, మళ్ళీ ఆ కారు దగ్గరికి వెళ్ళలేదు.

ఆవిడకి డ్రైవింగ్ వచ్చు. నేర్పింది కూడా ఆయనే. మందుల షాపు మానేసి, నేర్పడానికి కావలసిన పరీక్షలు రాసి, పక్క సీట్లో కూర్చుంది. మొదట్లో సాయంత్రం ఇంటికొచ్చి ఆ రోజు సంగతులు చెప్పబోయేది. టైరులో గాలి తగ్గిందన్నా, వైపరు అరుస్తోందన్నా ఆయన ముఖం అదోలా అయిపోయేది. ఏమీ అనకుండా చెయ్యి చాచి రేడియో శబ్దం పెంచేవారు. కొన్నాళ్ళకి ఆవిడ కారు మాట ఇంట్లో ఎత్తడమే మానేసింది. గుమ్మం ముందు ఆగి ఉన్న కారు ఇంట్లోవాళ్ళకు సంబంధం లేని ఎవరిదో అన్నట్టు అయింది.

ఆ పరిస్థితిలో రేస్ వైరు వదులైంది.

కాలితో తొక్కే పెడల్‌కీ ఇంజన్‌కీ మధ్య ఒక ఉక్కు వైరు ఉంటుంది. సైకిల్ బ్రేకు వైరులాంటిదే, కాకపోతే పొడుగు. పెడల్ తొక్కితే ఆ వైరు లాగుతుంది, ఇంజన్‌లోకి గాలీ పెట్రోలూ ఎక్కువ వెళ్ళి బండి ఊపందుకుంటుంది. ఆ వైరు వదులైతే పెడల్ సగం దాకా వెళ్ళినా ఏమీ జరగదు, ఆ తర్వాత ఒక్కసారిగా అందుకుంటుంది. ఇది ఒక్కరోజులో వచ్చిన జబ్బు కాదు. మెల్లమెల్లగా వచ్చింది. పొద్దున కారు బయటికి తీసేటప్పుడూ సాయంత్రం తెచ్చి గుమ్మం ముందు పెట్టేటప్పుడూ మాత్రమే ఆవిడ ఆ పెడల్ తొక్కేది. ఆ కాస్త దూరానికి పాదం తనంతట తానే అలవాటుపడింది. కాస్త లోతుగా తొక్కి, అందుకోబోయే ముందు వెనక్కి తీసుకోవడం ఎప్పుడు నేర్చుకుందో ఆవిడకే తెలియదు.

వీధి మలుపులోని మెకానిక్కుకు ఒకసారి చెప్పింది. అతను బానెట్ ఎత్తి, ఇంజన్ వైపున్న నట్టు చివరిదాకా బిగించి, పాత బండి కదా పిన్నీ, మనలాగే దానికీ కీళ్ళు వదులవుతుంటాయని నవ్వాడు. వారం తిరక్కుండానే మళ్ళీ వదులైంది. మళ్ళీ వెళ్ళాలనుకుంది. పొద్దున వీలు కాలేదు, సాయంత్రం ఓపిక లేదు. రేపు, రేపు అనుకుంటూనే నెలలు గడిచాయి. నేర్చుకునేవాళ్ళతో మాత్రం ఇంకాస్త లోపలికి తొక్కండి, ఇప్పుడు తీసెయ్యండి అంటూ ఆ వదులుకు తగ్గట్టే పాఠం చెబుతూ వచ్చింది.

కుర్రాళ్ళు త్వరగానే పట్టేసుకున్నారు. ఇబ్బందంతా నర్సుతో వచ్చింది.

ఆ నర్సు ప్రసూతి ఆసుపత్రిలో పనిచేసేది. నలభై దాటిన మనిషి. ఆసుపత్రివాళ్ళు బాలింతల ఇళ్ళకు వెళ్ళి చూసొచ్చే పని కొత్తగా పెట్టారు. దానికో చిన్న కారు ఇస్తారు, నడపడం వచ్చి ఉండాలి. వార్డులో రాత్రి డ్యూటీలతో విసిగిపోయిన ఆమెకు ఆ పని మీద ప్రాణం. కాని కారెక్కగానే చేతులు చల్లబడిపోయేవి. గేరు కిరకిరమంటే గేరుకు కూడా సారీ చెప్పే రకం. మెల్లగా, మర్యాదగా, వేళ్ళ చివరలతో తొక్కేది. ఆ మర్యాదకు వదులు వైరు అసలు పలికేది కాదు. బండి కదలదు. భయపడి ఇంకాస్త తొక్కేది. బండి గంతేసేది. భయపడి కాలు తీసేసేది. బండి ఆగిపోయేది.

పరీక్ష కూడా ఇదే కారులో. అందులో ఎత్తు మీద బండి ఆపి, వెనక్కి జారకుండా మళ్ళీ ఎక్కించాలి. అక్కడే రెండుసార్లు తప్పింది. మొదటిసారి వెనక్కి జారింది. రెండోసారి ముందుకు దూకింది. ఇన్‌స్పెక్టరు డోరు పట్టుకుని, అమ్మా, ఇంకొన్నాళ్ళు నేర్చుకుని రండి అన్నాడు.

రెండోసారి తప్పిన మర్నాడు పిన్నికి నోరు జారింది. ఆరోజు పొద్దుట్నుంచీ తలనొప్పి. ఎండ. నర్సు అదే ఎత్తు మీద వరసపెట్టి బండి ఆపేస్తోంది. వెనక బండ్లవాళ్ళు హారన్ల మీద హారన్లు కొడుతున్నారు.

“మీ బుర్రకీ కాలికీ మధ్య ఎవరో గేటు వేసినట్టున్నారమ్మా. ఇక్కణ్ణుంచి చెప్పింది అక్కడికి వెళ్ళదు,” అంది.

నర్సు సారీ మేడమ్ అంది. మళ్ళీ తాళం తిప్పింది. పిన్ని ఆ మాట అక్కడే మరిచిపోయింది.

ఇంకొన్నాళ్ళకి గోడౌన్ల పక్క రోడ్డు మీద ఆ సంఘటన జరిగింది. పొడుగాటి రోడ్డు, రద్దీ తక్కువ, కొత్తవాళ్ళకి అనువైన చోటు. రోడ్డు చివర మాత్రం నాలుగు దుకాణాలు, ఒక బస్సుస్టాపు. నర్సు రెండో గేరులో వెళ్తూ, పిన్ని చెప్పినట్టే, కాస్త లోతుగా తొక్కింది. బండి ఊపందుకుంది. కాలు తియ్యమంది పిన్ని. ఊపు తగ్గలేదు. ఇంజన్ గోల పెరుగుతోంది, బస్సుస్టాపు దగ్గర నించున్న మనుషుల ముఖాలు స్పష్టంగా కనబడుతున్నాయి. పిన్ని రెండు కాళ్ళతో తన వైపు క్లచ్చీ బ్రేకూ కలిపి నేలకు అదిమేసింది. బండి ముక్కు కిందికి వంగి ఆగింది. ఆగినా ఇంజన్ మాత్రం చెవులు చిల్లులు పడేలా అరుస్తూనే ఉంది.

“కాలు తియ్యండి అంటున్నానా,” అంది పిన్ని పళ్ళు బిగబట్టి.

“తీసేశాను మేడమ్.”

“తీస్తే ఇదెందుకు ఇలా అరుస్తుంది?”

“చూడండి. మీరే కిందికి చూడండి.”

పిన్ని వంగి చూసింది. పెడళ్ళ మీద కాళ్ళు లేవు. నర్సు రెండు పాదాలూ ఎత్తి సీటు అంచుకు ముడుచుకుని, మోకాళ్ళు స్టీరింగ్‌కి ఆనించి కూర్చుని ఉంది, వరదొచ్చిన ఇంట్లో మంచమెక్కి కూర్చున్న మనిషిలా. ఎవరి కాలూ లేకుండానే రేసు పెడల్ లోపలికి దిగిపోయే ఉంది. ఇంజన్ అరుస్తోంది.

పిన్ని చెయ్యి చాచి తాళం తిప్పేసింది. ఆ నిశ్శబ్దంలో ఇద్దరికీ ఒకరి ఊపిరి ఒకరికి వినబడింది.

దుకాణాల వాళ్ళు వచ్చి బండిని పక్కకు నెట్టారు. నర్సు దిగి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, బస్సుస్టాపు రేకు నీడలో నిలబడింది. మేడమ్, అది నేను కాదు కదా, నిజంగా నేను కాదు కదా అని రెండుసార్లు అడిగింది. పిన్నికి జవాబు తెలుసు. అయినా ఇవాళ్టికి తరగతి అయిపోయిందని మాత్రమే అంది. నర్సు బస్సెక్కి వెళ్ళిపోయింది.

పిన్ని కారుకు తాళం వేసి నడుచుకుంటూ ఇంటికొచ్చింది. అంత దూరం నడిచి చాలా కాలమైంది. దారిలో ఒకచోట ఎవరింటి అరుగు మీదో కాసేపు కూర్చుంది. తువ్వాలుతో ముఖం తుడుచుకుని లేచింది.

మాస్టారు వసారాలో ఉన్నారు. కారు చప్పుడు లేకుండా భార్య రావడం ఆయనకు అప్పటికే తెలిసింది. రేడియో ఆపేసి ఉంది. ఆవిడ ఎదురుగా కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పింది. ఆయన మధ్యలో అడ్డురాలేదు.

“వైరు ఎప్పట్నుంచి వదులుగా ఉంది?” అన్నారు చివరికి.

“చాలా నెలల్నుంచి.”

“నాకెందుకు చెప్పలేదు?”

“చెబితే ఏం చేసేవారు? రేడియో పెంచేవారు.”

అనేశాక ఆవిడకే ఆ మాట ఎక్కువైందనిపించింది. కాని వెనక్కి తీసుకునే ఓపిక కూడా లేదు. కొంగు కళ్ళకడ్డం పెట్టుకుని కుర్చీలో వెనక్కి వాలింది. ఏడవలేదు, ఉత్తినే కళ్ళు మూసుకుంది. కాసేపటికి ఇంట్లో ఏదో ఇనప చప్పుడైంది. కళ్ళు తెరిచేసరికి లోపలి గదిలో మాస్టారు మంచం కింద నుంచి పానాల పెట్టె లాగుతున్నారు. దుమ్ము పట్టిన పెట్టె, చెదలు తిన్న పాత గుడ్డలో చుట్టి ఉంది.

“ఇంకా వెలుతురుంది. పద,” అన్నారు.

ఆవిడ ఆయన చెయ్యి పట్టుకుని గోడౌన్ల రోడ్డు దాకా తీసుకెళ్ళింది. దారి పొడవునా ఇద్దరూ వాదించుకుంటూనే నడిచారు. మెకానిక్కును పిలుద్దామని ఆవిడ, వాడు ఇంజన్ వైపే చూస్తాడు, పెడల్ వైపు చూడడు అని ఆయన. మీకు కనబడదు కదండీ అనబోయి ఆవిడ మింగేసింది. అది ఆయనకు వినబడినట్టే ఉంది. నీకు కనబడుతుందిగా, చాలు అన్నారు.

బానెట్ ఎత్తారు. ఆయన ఇంజన్ మీద చేతులు పెట్టి, అంగడిలో బట్ట తడిమి చూసేవాళ్ళలా మెల్లగా తడుముతూ వెళ్ళారు. వైరు చివర దొరికింది. నట్టు చివరిదాకా బిగించేసి ఉంది. ఇంక బిగించడానికి మర లేదు. ఇటువైపు బాగానే ఉందే అని గొణుక్కుని, డ్రైవరు సీటు వైపు వచ్చి, తల కిందికి, కాళ్ళు రోడ్డు మీదికి పెట్టి పెడళ్ళ గూట్లోకి దూరారు. పిన్ని టార్చి పట్టుకుని ఆయన భుజం మీదుగా వంగింది. అటుగా వెళ్ళేవాళ్ళు ఆగి చూసి, మాస్టారు మళ్ళీ వచ్చారా అని పలకరించి వెళ్ళారు. ఆ గూట్లోంచి ఆయన ఆఁ అన్నారు.

“అబ్బా,” అన్నారు మరుక్షణం. బొటనవేలు బయటికి చాపారు. వేలి మీద ఎర్రటి చుక్క.

టార్చి దగ్గరగా పెడితే పిన్నికి కనబడింది. పెడల్ దగ్గర వైరు పీలికలైపోయి ఉంది. ఉక్కు పోగులు సగానికి పైగా తెగి, చీపురు పుల్లల్లా విచ్చుకుని ఉన్నాయి. మిగిలిన నాలుగు పోగులే సాగుతూ ఇన్నాళ్ళూ బండిని లాగుతూ వచ్చాయి. అందుకే మెకానిక్కు బిగించినా మళ్ళీ వదులైంది. ఆ తెగిన పోగుల్లో ఒకటి, వైరు దూరి వెళ్ళే గొట్టం మూతికి అడ్డం పడి తట్టుకుంది, అందుకే కాలు తీసినా రేసు తగ్గలేదు. చూసింది చూసినట్టు ఆయనకు చెప్పింది. ఆయన పడుకున్నచోటే ఆ పోగుల్ని ఒక్కొక్కటీ తడిమారు.

“ఎత్తు మీద పట్టేసుంటే?” అన్నారు.

ఆ ప్రశ్న ఆవిడకి అరుగు మీద కూర్చున్నప్పుడే వచ్చింది.

మర్నాడు కారును తాడు కట్టి ఇంటికి లాగించుకుని, కొత్త వైరు కొని తెచ్చారు. దుకాణంలో మూడు రకాలు చూపిస్తే ఆయన కళ్ళు మూసుకుని వేళ్ళ మధ్య తిప్పి ఒకటి పక్కన పెట్టించారు. అది పొట్టిదని ఇంటికి వచ్చాక తేలింది. ఆవిడ నవ్వాపుకుని మళ్ళీ దుకాణానికి వెళ్ళి మార్చుకొచ్చింది. ఇద్దరూ కలిసి ఎక్కించారు. ఆయన చేతులు, ఆవిడ కళ్ళు. ఎడమ, ఎడమ అంటే నీ ఎడమా నా ఎడమా అని ఆయన. పానా జారి ఇంజన్ సందులో పడింది. అది వెతకడానికే సగం పొద్దు పోయింది. చివరికి బిగించి ఇంజన్ ఆన్ చేస్తే, ఎవరూ తొక్కకుండానే గయ్యిమంది. మరీ బిగించేశాను అన్నారు మాస్టారు. నట్టు కొంచెం వదిలి, వైరును రెండు వేళ్ళతో పైకెత్తి చూసి, ఇంకొంచెం వదిలారు. ఇంజన్ మెల్లగా, సన్నగా తిరగడం మొదలుపెట్టింది. ఆయన అలాగే బానెట్ మీద చెయ్యి వేసి చాలాసేపు విన్నారు. ఇంతకాలం రేడియోలో వింటున్నదేమిటో ఆవిడ ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడూ అడగలేదు.

మర్నాడు పొద్దున్నే పిన్ని కారెక్కి ఎప్పటిలాగే తొక్కింది. కారు ఒక్క గెంతు గెంతి ఎదురింటివాళ్ళ పూలకుండీని గుద్దేసింది. కుండీ పగిలిపోయింది. ఎదురింటావిడ తలుపు తీసి, కారు పిన్నివేనా అని నోరు తెరిచి చూసింది. పిన్ని స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని కూర్చుండిపోయింది. వైరు బాగైంది. పాడైంది తన కాలు. ఇన్ని నెలల్లో ఎంతమంది ఈ కాలు చెప్పిన పాఠం నేర్చుకుని వెళ్ళారోనన్న ఆలోచనతో పాటే, నేర్చుకోలేక వెళ్ళిన ఒక్క మనిషీ గుర్తొచ్చింది.

నర్సు ఆ రెండు రోజులూ తరగతికి రాలేదు. ఫోను చేస్తే ఎత్తలేదు. పిన్ని పొద్దున తరగతులు అయ్యాక ఆమె ఇంటికి వెళ్ళింది. రెండు గదుల ఇల్లు. తలుపు వెనక హ్యాంగరుకు యూనిఫాం వేలాడుతోంది, కింద ప్లాస్టిక్ బక్కెట్లో తెల్ల సాక్సులు నానుతున్నాయి. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన నర్సు జుట్టు విరబోసుకుని, చేతిలో టీ గ్లాసుతో తలుపు తీసింది. కూర్చోమంది కాని తను నిలబడే ఉంది.

పిన్ని చుట్టూ తిప్పి చెప్పడం చేతకాని మనిషి. వైరు సంగతి చెప్పింది. పరీక్షలో బండి జారిందీ, దూకిందీ ఆ వైరు వల్లేనని చెప్పింది. మీ కాలు మొదట్నుంచీ సరిగ్గానే ఉంది, మెల్లగా తొక్కడమే సరైన తొక్కుడు అని కూడా చెప్పింది. ఆ మాట వింటే నర్సు ముఖం విప్పారుతుందనుకుంది. విప్పారలేదు.

“వదులుగా ఉందని మీకు తెలుసా?” అంది నర్సు.

“తెలుసు. ఇంత ప్రమాదమని తెలియదు. వదులని తెలుసు.”

“తెలిసీ ఆ గేటు మాట అన్నారా?”

పిన్నికి ఏ గేటో ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక తల వంచుకుంది.

“మా అమ్మాయి నా డ్రైవింగ్‌ని అనుకరిస్తే నేనూ నవ్వాను మేడమ్. అది వేరు. మీరన్నది మాత్రం డ్యూటీలోకి కూడా వచ్చింది. పుట్టిన పిల్లకి సూది వేస్తుంటే చెయ్యి ఆగిపోయింది. చేతికీ బుర్రకీ మధ్య కూడా ఉందేమో గేటు అనిపించింది. ఇన్నేళ్ళ సర్వీసులో ఎప్పుడూ ఆగని చెయ్యి.”

ఆమె గొంతు పెంచలేదు. టీ గ్లాసు కిటికీలో పెట్టి, తనకు నిద్ర వస్తోందని చెప్పింది. పిన్ని లేచింది. తప్పు నాదమ్మా, బండిది కూడా కాదు అని గుమ్మంలో అంది. నర్సు తల ఊపింది. క్షమించాననీ అనలేదు, వస్తాననీ అనలేదు. మెట్లు దిగుతూ పిన్ని, తిట్టి ఉంటే బాగుండేదనుకుంది.

ఆ తర్వాత పిన్ని, తన దగ్గర ఆ నెలల్లో నేర్చుకున్నవాళ్ళు ఎక్కడ కనబడినా ఆపి, మరీ లోతుగా తొక్కుతున్నారేమో చూసుకోండని చెప్పేది. చాలామంది తమకు అదేమీ గుర్తులేదన్నారు. ఒకతను మాత్రం, అందుకేనా మా ఆవిడ నా కారెక్కితే వాంతులంటుంది అన్నాడు.

నర్సు వస్తుందన్న ఆశ వదులుకున్నాక ఒక సాయంత్రం వచ్చింది. కారు పక్కన నిలబడి, మళ్ళీ నేర్చుకుంటాను గాని ఒక షరతు అంది.

“తరగతి అయ్యేదాకా మీరు మాట్లాడకూడదు. గుద్దేస్తాననిపిస్తే బ్రేకు తొక్కండి. అంతే.”

పిన్ని ఒప్పుకుంది. ఒప్పుకోవడం తేలికే, ఉండడమే కష్టమని మొదటి మలుపులోనే తెలిసింది. ఇన్నేళ్ళ అలవాటు కదా, మాట పెదాల దాకా వచ్చేసేది. తువ్వాలు కొస నోట్లో కుక్కుకుని కూర్చుంది. అది చూసి నర్సుకు నవ్వు వచ్చి బండి ఆపేసింది. ఆ రోజు ఇద్దరూ మాట్లాడుకోకుండానే గోడౌన్ల రోడ్డు మీద అటూ ఇటూ తిరిగారు. నర్సు వేళ్ళ చివరలతో తొక్కితే బండి వేళ్ళ చివరలంత మాత్రమే కదిలింది. మొదట ఆమెకు నమ్మకం కుదరలేదు. తొక్కుతూ, వదులుతూ, మళ్ళీ తొక్కుతూ, కొత్త చెప్పులు కాలికి సరిపోయాయో లేదో చూసుకునేవాళ్ళలా చూసుకుంది. ఎత్తు దగ్గరికి వచ్చారు. ఆపింది. ఎక్కించింది. బండి ఒక్క అంగుళం కూడా జారలేదు. పిన్ని పాదాలు తన పెడళ్ళ మీద ఊరికే ఆని ఉన్నాయి.

పరీక్ష నాడు పిన్ని మైదానం అంచున, మిగతా బళ్ళవాళ్ళతో పాటు ఎండలో నిలబడి చూసింది. నర్సు ఎత్తు మీద నల్లేరు మీద బండిలా వెళ్ళిపోయింది. కిందికి దిగి, ఎడమకు తిరిగి, ఆగింది. ఇన్‌స్పెక్టరు కాగితం మీద ఏదో రాసి, తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ ఏ వైరు తెగిందో, ఏ నట్టు ఊడిందో అనుకుంటూ పిన్ని ఎదురెళ్ళింది.

నర్సు డోరు తీసుకుని దిగింది. ఆమె నవ్వుతోంది. నవ్వాపుకోలేక డోరు పట్టుకుంది.

“ఇండికేటరు వెయ్యలేదు మేడమ్. తిరిగేటప్పుడు ఇండికేటరు వెయ్యడం మరిచిపోయాను. ఇది మాత్రం అచ్చంగా నాదే.”

మాట్లాడకూడదన్న షరతు పరీక్షకు కూడా వర్తిస్తుందా అని పిన్ని అడిగింది. నర్సు ఇంకా నవ్వింది. ఇద్దరూ మైదానం బయట టీ తాగారు. తర్వాతి పరీక్షలో ఆమె ఇండికేటరు వేసింది, అవసరం లేనిచోట కూడా వేసింది, పాసయింది. ఇప్పుడు ఆసుపత్రివాళ్ళ నీలం కారులో బాలింతల ఇళ్ళకు తిరుగుతుంది. పిన్ని ఎదురైతే చెయ్యి ఊపుతుంది గాని ఆగదు. ఆగేంత స్నేహం వాళ్ళ మధ్య ఏర్పడలేదు. దానికి పిన్ని పెద్దగా బాధపడలేదు.

మాస్టారి చూపు ఇంకాస్త ఇరుకైంది. అది ఆగేది కాదు. కొన్ని రోజులు ఆయన పొద్దున్నే వచ్చి బానెట్ మీద చెయ్యి వేసి ఇంజన్ విని, ఊ అని లోపలికి వెళ్తారు. కొన్ని రోజులు వసారాలోంచి కదలరు. రేడియో శబ్దం పెంచే రోజులూ ఉన్నాయి. ఆ రోజుల్లో పిన్ని పలకరించదు.

సాయంత్రం విడత మానేస్తానని పిన్ని ఒకరోజు అన్నం తింటూ చెప్పింది. ఇక నావల్ల కాదండీ, మనసు అలిసిపోతే కాలు అబద్ధాలు చెప్తోంది అంది. ఆయన వద్దనలేదు. దానికి బదులు రోడ్డు గుర్తులూ, నియమాలూ తను చెబుతానన్నారు. వాటికి కళ్ళతో పనిలేదు, అన్నీ నోటికి వచ్చు. ముందు గదిలో నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు వేశారు. ఇప్పుడు సాయంత్రాలు అక్కడ ఆయన పాఠం చెబుతుంటే పిన్ని లోపలి గదిలో పడుకుంటుంది.

మొన్న ఒక సాయంత్రం సగం నిద్రలో ఆయన గొంతు వినబడింది. చౌరస్తాలో ఎవరు ఎవరికి దారివ్వాలో చెబుతున్నారు. చెప్పింది తప్పు. ఆ నియమం మారి చాలా కాలమైంది, ఆయనకు తెలియదు. లేచి వెళ్ళి చెప్పాలనుకుంది పిన్ని. దుప్పటి తీసింది కూడా. మళ్ళీ, పొద్దున చెప్పొచ్చులే అనుకుని గోడవైపు తిరిగి పడుకుంది.